సెలైన్ కొరత వచ్చినప్పుడు ఆస్పత్రిని నెట్టుకురావడం ఎలా

స్టాకిస్టు ఫోన్ ఎత్తడం మానేశాడంటే సెలైన్ కొరత మొదలైనట్టే. "రేపు లోడ్ వస్తుంది సార్" అనే మాట మూడోసారి విన్నాక ఇంకా రేపటి కోసం చూడకండి, ఆ పూటే పని మొదలుపెట్టండి.

ఇది తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇరవై ముప్పై పడకల నర్సింగ్ హోం నడిపేవాళ్ల కోసం, ఏరియా ఆస్పత్రుల్లో వార్డు చూసుకునే హెడ్ నర్సులు, ఫార్మసిస్టుల కోసం రాస్తున్నాను. రోగి పక్కన కూర్చునే అటెండెంట్లు కూడా చదవొచ్చు. వాళ్ల చేయి పడకుండా ఇందులో సగం పనులు జరగవు.

కొరత ఎక్కడి నుంచైనా రావచ్చు. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపానుకు అమెరికాలోని నార్త్ కరోలినాలో బ్యాక్స్‌టర్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి వరదలో చిక్కుకుంది. ఆ దేశంలో వాడే ఐవీ ఫ్లూయిడ్లలో దాదాపు 60 శాతం అక్కడే తయారయ్యేవి. అంత డబ్బున్న దేశంలో కూడా ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి, తాగగలిగిన రోగులకు నోటితోనే తాగించాయి. అదే ఏడాది నవంబరులో బళ్లారిలో బాలింతల మరణాల తర్వాత కర్ణాటక ప్రభుత్వం ఒక కంపెనీ సరఫరా చేసిన రింగర్ లాక్టేట్ అనే సెలైన్ రకం వాడకాన్ని ఆపించింది. అలా ఒక కంపెనీ సరుకు ఆగితే మిగతా కంపెనీల మీద ఒక్కసారిగా గిరాకీ పడుతుంది. ఇక మన వైపు నవంబరు, డిసెంబరు వచ్చాయంటే తుపాన్లే. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మర్చిపోలేదు. లారీ రాకపోతే ఫ్యాక్టరీలో సరుకు ఎంతున్నా మన వార్డుకు లేనట్టే.

నా లెక్క ఒకటే. మన ఆస్పత్రుల్లో వేలాడే బాటిళ్లలో చాలావాటికి వైద్యపరమైన కారణం కంటే అలవాటే ఎక్కువ. కాబట్టి కొత్త సరుకు కోసం పరుగెత్తే ముందు కేస్ షీట్లు చూడండి.

మొదట లెక్క: ఎన్ని బాటిళ్లని కాదు, ఎన్ని రోజులని

స్టోర్స్ రిజిస్టరులో ఉన్న అంకెను నమ్మకండి. ఓటీ బీరువా, లేబర్ రూం, క్యాజువాలిటీ ట్రాలీ, డయాలసిస్ గది, అంబులెన్స్, సిస్టర్ తాళం వేసుకున్న అలమరా, అన్నీ తెరిపించి చూడండి. కొరత మాట చెవిన పడగానే ప్రతి వార్డూ నాలుగు బాటిళ్లు పక్కన దాచుకుంటుంది. వాళ్లను తిట్టి లాభం లేదు. భయంతో చేసే పని అది. "దాచినవన్నీ లెక్కలోకి ఇవ్వండి, అత్యవసరానికి మీ వార్డుకే ముందు ఇస్తాం" అని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి.

రకాలవారీగా విడదీసి రాయండి. నార్మల్ సెలైన్ (ఎన్ఎస్), రింగర్ లాక్టేట్ (ఆర్ఎల్), 5 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్), డీఎన్ఎస్ (డెక్స్ట్రోజ్ కలిపిన నార్మల్ సెలైన్) దేనికదే. 100 ఎం.ఎల్. చిన్న బాటిళ్లను తప్పకుండా వేరుగా లెక్కపెట్టండి. యాంటీబయాటిక్ కలపడానికి అవే కావాలి, సాధారణంగా అవే ముందు అయిపోతాయి. తర్వాత గత వారం వాడకాన్ని ఏడుతో భాగిస్తే రోజు వాడకం వస్తుంది. చేతిలో 240 ఎన్ఎస్ బాటిళ్లుండి, రోజుకు 60 పోతుంటే మీకున్నది నాలుగు రోజులు. రోజూ ఉదయం బోర్డు మీద ఆ రోజుల సంఖ్య రాయండి. 240 అని రాస్తే ఎవరికీ చీమ కుట్టినట్టుండదు. నాలుగు రోజులు అని రాస్తే అందరూ ఆగి చదువుతారు.

వారానికి తక్కువ ఉంటే పొదుపు మొదలవ్వాలి. మూడు రోజులకు తక్కువైతే ముందే తేదీ ఇచ్చిన, ఆగగలిగిన ఆపరేషన్లు వాయిదా వేయాలి. ఇది నా కొలత. మీ ఊరికి సరుకు వచ్చే దూరాన్ని బట్టి మార్చుకోండి. కుప్పంలో ఉన్నవాళ్లు ఇంకాస్త ముందే మేలుకోవాలి.

లెక్కపెట్టేటప్పుడే ప్రతి పెట్టె బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసుకోండి. బాటిల్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. మసకగా ఉన్నా, లోపల నలకలు తేలుతున్నా, నొక్కితే చెమ్మ తగిలినా పక్కన పెట్టేయాలి. కొరత కదా అని ఇక్కడ రాజీ పడొద్దు.

తర్వాత, ఎవరికి ఎక్కించాలో తేల్చే మనిషి ఒక్కరే ఉండాలి

నలుగురు డాక్టర్లు నాలుగు రకాలుగా రాసుకుంటూ పోతే ఏ లెక్కా నిలవదు. షిఫ్టుకొక డ్యూటీ డాక్టరు పేరు రాసి గోడకు అంటించండి. ఆయన సంతకం లేకుండా ఫార్మసీ నుంచి బాటిల్ బయటికి రాకూడదు. ప్రాణం మీదికొచ్చిన కేసు మాత్రం ఇందుకు మినహాయింపు. అక్కడ ముందు ఎక్కించి తర్వాత సంతకం తీసుకోండి.

సెలైన్ ఆర్డరుకు 24 గంటలే ప్రాణం అని నియమం పెట్టండి. మొన్న రాసిన "ఆర్ఎల్ 2, డీఎన్ఎస్ 1" ఇవాళ కూడా దానంతట అదే నడవకూడదు. రోజూ ఉదయం రౌండ్సులో మళ్లీ రాయాలి, పక్కనే కారణం రాయాలి. కారణం దగ్గర "నీరసం" అని ఉంటే ఫార్మసిస్టు ఆ చీటీ వెనక్కి పంపవచ్చని యాజమాన్యమే చెప్పాలి. లేకపోతే పాపం ఫార్మసిస్టుకు పెద్ద డాక్టరు చీటీ తిప్పి పంపే ధైర్యం ఎక్కడిది?

ముందు వరుసలో ఎవరుండాలో ముందే రాసుకోండి: బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవాళ్లు, కాన్పు తర్వాత రక్తస్రావం అవుతున్నవాళ్లు, ఒంట్లో నీరు బాగా తగ్గి కళ్లు లోతుకు పోయి మగతగా ఉన్న పిల్లలు, పెద్ద కాలిన గాయాలు, షుగర్ పెరిగి కీటోన్లు వచ్చినవాళ్లు, డెంగీ షాక్, రక్తం ఎక్కించాల్సినవాళ్లు, అత్యవసర ఆపరేషన్లు. పాము కాటు కేసుకు విరుగుడు మందు కలపడానికి కొన్ని బాటిళ్లు విడిగా తాళం వేసి ఉంచండి. పొలాల సీజన్లో పలమనేరు, పుంగనూరు వైపు ఆ కేసు ఏ రాత్రైనా రావచ్చు.

నోటితో తాగగలిగి, బీపీ బాగుండి, మూత్రం వస్తున్నవాళ్లు చివరి వరుస. మన వార్డుల్లో ఈ వరుసే పొడుగు.

అసలు పని: నోటితో తాగించడం

ఓఆర్ఎస్ గొప్పతనం లోకానికి తెలిసింది సెలైన్ కొరతలోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్ బాటిళ్లు అయిపోతున్నాయి, రోగులు నేల మీద పడి ఉన్నారు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, బేకింగ్ సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. అప్పటిదాకా 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. మందు ఇచ్చింది డాక్టరే అయినా తాగించింది అటెండెంట్లే అన్నది గుర్తుపెట్టుకోండి. మీ వార్డులోనూ అలాగే జరగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. ప్యాకెట్ వెనక ఈ అంకెలు ఉన్నాయో లేదో చూసి కొనండి. రుచి కోసం చక్కెర దట్టించిన టెట్రా ప్యాకులు చాలాకాలం ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని తిరిగాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా షాపువాడు ఏదో ఒక రంగు డబ్బా చేతిలో పెడతాడు. చక్కెర ఎక్కువైన ద్రవం విరేచనాలను ఇంకా పెంచుతుంది. అటెండెంటుకు చీటీ మీద "పొడి ప్యాకెట్, లీటరుది" అని స్పష్టంగా రాసివ్వండి.

ప్యాకెట్ సైజు దగ్గర అందరూ తడబడతారు. లీటరు ప్యాకెట్ ఉంటుంది, 200 ఎం.ఎల్. ప్యాకెట్ కూడా ఉంటుంది. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు విపరీతమై పిల్లలకు ప్రమాదం. సగం ప్యాకెట్ ఇప్పుడు, సగం తర్వాత అనే లెక్క కూడా వద్దు. కొలత పడిన లీటరు సీసా ఒకటి వార్డులో పెట్టండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్లు కూడా దొరకని రోజున లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలగొట్టి కొలవాలి.

ఎంత తాగించాలి? విరేచనాలతో కొంత నీరు తగ్గిన పిల్లాడికి కిలో బరువుకు 75 ఎం.ఎల్. చొప్పున నాలుగు గంటల్లో. పది కిలోల బిడ్డకు 750 ఎం.ఎల్. అన్నమాట. పెద్దవాళ్లకు అదే నాలుగు గంటల్లో రెండు నుంచి నాలుగు లీటర్ల దాకా పడుతుంది. ఆ తర్వాత మళ్లీ చూసి నిర్ణయించాలి.

"తాగిస్తే వాంతి చేసుకుంటున్నాడు సార్" అనే మాట ప్రతి అటెండెంటూ చెబుతారు. గ్లాసెడు ఒక్కసారి పట్టిస్తే ఎవరైనా కక్కేస్తారు. ఒకటి రెండు నిమిషాలకు ఒక చెంచా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా, ఇంకాస్త నెమ్మదిగా. తల్లి చేతికి గిన్నె, చెంచా ఇచ్చి, మొదటి పది నిమిషాలు సిస్టర్ పక్కన నిలబడి చూపించాలి. చూపించకుండా "తాగించమ్మా" అని చెప్పి వెళ్లిపోతే గంటలో ఆ తల్లి కౌంటర్ దగ్గరికొచ్చి బాటిల్ అడుగుతుంది. వాంతులు ఆగకపోతే ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మందు డాక్టరు రాస్తారు.

బిడ్డ మింగలేకపోతున్నా, సూది గుచ్చడానికి నరం దొరక్కపోయినా ముక్కు గొట్టం ద్వారా ఓఆర్ఎస్ ఇవ్వొచ్చు. గంటకు కిలోకు 20 ఎం.ఎల్. చొప్పున ఆరు గంటలు. ఈ పద్ధతి పుస్తకాల్లో ఉన్నా మన దగ్గర ఎవరూ వాడరు. బాటిల్ చేతిలో ఉంటే గొట్టం ఎవరికి గుర్తొస్తుంది? పూర్తిగా స్పృహ తప్పినవాళ్లకు, షాక్‌లో ఉన్నవాళ్లకు, కడుపు ఉబ్బి పేగు కదలిక ఆగినవాళ్లకు మాత్రం నోటి పద్ధతి కుదరదు. వాళ్లకు దాచిన బాటిళ్లు తీయండి.

వంటింటిని కూడా కలుపుకోండి. ఉప్పేసిన పలుచని మజ్జిగ, గంజి, పలుచని రాగి అంబలి, ఇవన్నీ మన ఇళ్లలో తాగేవే. జ్వరంతో పడుకున్న పెద్దాయన ఓఆర్ఎస్ మొహం చూడకపోయినా అంబలి రెండు గ్లాసులు తాగుతాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాలకు ఓఆర్ఎస్‌కు బదులు కాదు, కిడ్నీ రోగులకైతే అసలు ఇవ్వొద్దు. ప్రతి మంచం దగ్గర ఒక కాగితం పెట్టి ఎన్ని గ్లాసులు తాగారో, ఎన్నిసార్లు మూత్రం పోశారో అటెండెంటుతోనే గీతలు గీయించండి. చదువు రానివాళ్లు కూడా గీత గీయగలరు.

"ఒక్క బాటిల్ ఎక్కించండి సార్" అన్నవాళ్లతో

నిజం మాట్లాడుకుంటే కొరతలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పాకాల నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి చేతికి సూది గుచ్చించుకోకుండా వెళ్తే వైద్యం జరగలేదనుకుంటాడు. పల్లెల్లో ఆర్ఎంపీలు, పట్నంలో మనమూ కలిసి చేసిన అలవాటే ఇది. బాటిల్‌కు వచ్చే బిల్లు కూడా ఈ అలవాటును పెంచి పోషించింది. నర్సింగ్ హోం నడిపేవాళ్లు ఆ ఆదాయం కొన్నాళ్లు తగ్గుతుందని ముందే ఒప్పుకుంటే మిగతా పని సులువు.

వాదించకండి, లెక్క చెప్పండి. అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతా అంతా నీళ్లు. బలం అనేది అందులో చుక్క కూడా లేదు. "గ్లూకోజ్" అని పిలిచే 5 శాతం డెక్స్ట్రోజ్ అర లీటరులో 25 గ్రాముల చక్కెర, సుమారు వంద కేలరీలు. ఒక అరటిపండులో దాదాపు అంత బలం ఉంటుంది. బీ కాంప్లెక్స్ కలిపి పసుపుపచ్చగా చేసినంత మాత్రాన అది టానిక్ అయిపోదు.

మాట ఇలా ఉంటే పనిచేస్తుంది: "పెద్దమ్మా, నీ బీపీ బాగుంది, నాలుక తడిగా ఉంది, నోటితో తాగగలుగుతున్నావు. సూదితో ఎక్కించేదీ ఉప్పు నీళ్లే, ఈ గ్లాసులో ఉన్నదీ అదే, పైగా ఇందులో కొంచెం చక్కెర కూడా ఉంది. ఇక్కడే కూర్చుని రెండు గంటల్లో ఇది తాగు. అప్పటికీ తగ్గకపోతే నేనే వచ్చి చూస్తా." చివరి వాక్యం మర్చిపోవద్దు. జనం అడిగేది బాటిల్ కంటే మనం పట్టించుకోవడాన్ని. అందుకే క్యాజువాలిటీలో కుర్చీలు నాలుగు వేసి "తాగే చోటు" అని పెట్టి, ఒక సిస్టర్‌ను కూర్చోబెట్టండి. ఇంటికి పంపేస్తే వాళ్లు వీధి చివర ఆర్ఎంపీ దగ్గర అదే బాటిల్ రెండింతల ధరకు ఎక్కించుకుంటారు.

డెంగీ కాలంలో ఈ సంభాషణ ఇంకా ముఖ్యం. ప్లేట్‌లెట్లు తగ్గాయని వినగానే ఇంట్లోవాళ్లు బాటిళ్లు అడుగుతారు. తాగగలిగినవాళ్లకు నోటితోనే సరిపోతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే అడ్మిట్ చేసి కొలతతో ఎక్కించాలి. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారే దశ ఒకటి రెండు రోజుల్లో దాటిపోతుంది. ఆ తర్వాత కూడా ఎక్కిస్తూ పోతే నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి. అంటే కొరత లేని రోజుల్లో కూడా ఈ పొదుపు చేయాల్సిందే.

వార్డులో కారిపోయే చోట్లు మూయడం

సూది మూసుకుపోకుండా ఉండాలని బాటిల్‌ను చుక్క చుక్కగా వదిలేయడం మొదట ఆపండి. చేతికి పెట్టిన కాన్యులాకు (సూది గొట్టానికి) మూత బిగించి, మందు ఇచ్చే ముందు, తర్వాత 3 నుంచి 5 ఎం.ఎల్. సెలైన్‌తో ఫ్లష్ చేస్తే చాలు. ఫ్లష్‌కు ఆంప్యూల్ వాడాలి. పెద్ద బాటిల్‌కు సూది గుచ్చి వార్డంతా దాన్నుంచే తీసుకునే పద్ధతి ఇన్‌ఫెక్షన్‌ను మంచం మంచానికి పంచుతుంది.

ఆపరేషన్ ముందు ఉపవాసం రెండో చోటు. రాత్రి పదింటి నుంచి నీళ్లు కూడా ముట్టొద్దని చెప్పి, మర్నాడు మధ్యాహ్నం ఓటీ పిలుపు వచ్చేదాకా బాటిల్ మీద బాటిల్ ఎక్కిస్తారు. మత్తు ముందు తేలికపాటి తిండి 6 గంటలు, మామూలు నీళ్లు 2 గంటలు ఆపితే చాలన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న నియమం. పేగు జబ్బులు, గర్భిణులు, అత్యవసర కేసులకు మత్తు డాక్టరు వేరుగా చెబుతారు. మీ మత్తు డాక్టరుతో కూర్చుని ఓటీ లిస్టు ముందు రోజే వేయించండి. పిలుపు టైం తెలిస్తే రోగి పొద్దున ఆరింటికి గ్లాసు నీళ్లు తాగొచ్చు. ఆపరేషన్ తర్వాత కూడా సర్జన్ ఒప్పుకుంటే ఎంత త్వరగా తాగిస్తే అంత త్వరగా బాటిల్ తీసేయొచ్చు. ప్రసవ నొప్పుల్లో ఉన్న మామూలు గర్భిణి కూడా మంచినీళ్లు, మజ్జిగ తాగొచ్చు.

ఇక మందులు. మెట్రోనిడజోల్, లెవోఫ్లాక్సాసిన్, లైనెజోలిడ్, ఫ్లూకోనజోల్ లాంటివి మాత్రగా మింగినా దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి. అన్నం తింటున్న రోగికి వీటిని 100 ఎం.ఎల్. బాటిల్‌లో ఇవ్వడం అనవసరం. జ్వరానికి పారాసిటమాల్ బాటిల్ కూడా అంతే. సెఫ్‌ట్రియాక్సోన్ 1 గ్రామును 10 ఎం.ఎల్. స్టెరైల్ వాటర్‌లో కలిపి 2 నుంచి 4 నిమిషాల్లో నెమ్మదిగా నేరుగా ఇవ్వొచ్చు. మెరోపెనెమ్ 1 గ్రామును 3 నుంచి 5 నిమిషాల్లో, పాంటోప్రజోల్ 40 మి.గ్రా.ను కనీసం 2 నిమిషాల్లో ఇవ్వొచ్చు. గడియారం చూస్తూ ఇవ్వాలి, అందాజా పనికిరాదు.

అయితే పొదుపు పేరుతో చంపేసే మందులూ ఉన్నాయి. పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా ఇస్తే గుండె ఆగుతుంది. వ్యాంకోమైసిన్ నెమ్మదిగా బాటిల్‌లోనే వెళ్లాలి. అమికాసిన్ 30 నుంచి 60 నిమిషాలు. ఫెనిటాయిన్‌ను నార్మల్ సెలైన్‌లో తప్ప దేనిలోనూ కలపొద్దు, వేగంగా ఇవ్వొద్దు. ఈ నాలుగింటినీ ఎర్ర సిరాతో రాసి ఇంజెక్షన్ ట్రే పైన అంటించండి.

గాయాలు కడగడానికి సెలైన్ అక్కర్లేదు. తాగడానికి పనికొచ్చే శుభ్రమైన నీళ్లు, కాచి చల్లార్చినవైతే మరీ మంచిది, మామూలు గాయాలకు సరిపోతాయి. కీలు తెరుచుకున్నవి, కడుపు లోపలివి సంగతి వేరు.

ఒకటి లేనప్పుడు ఇంకోటి

రక్తస్రావం, విరేచనాలు, షాక్, కాలిన గాయాలకు ఆర్ఎల్, ఎన్ఎస్‌లలో ఏది ఉంటే అది. విరేచనాలకు, కాలిన గాయాలకు ఆర్ఎల్‌ది పైచేయి. తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఎన్ఎస్ మిగల్చండి. రక్తం ఎక్కించే సెట్‌లోకి ఎన్ఎస్ మాత్రమే వెళ్లాలి, ఆర్ఎల్‌లోని కాల్షియం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. సెఫ్‌ట్రియాక్సోన్‌ను కూడా ఆర్ఎల్‌లో కలపకూడదు.

5 శాతం డెక్స్ట్రోజ్ నిండుగా ఉంది కదా అని షాక్ రోగికి ఎక్కించొద్దు. చక్కెర ఒంట్లో కరిగాక మిగిలేది ఉత్త నీళ్లే. రక్తనాళాల్లో నిలవదు, సోడియం పడిపోతుంది, పిల్లల్లో మెదడు వాస్తుంది. డీఎన్ఎస్ షుగర్ రోగికి లెక్క చూసి ఇవ్వాలి. 

ఎంత కొరతైనా చేయకూడనివి

ఒకరికి సగం ఎక్కించిన బాటిల్‌ను ఇంకొకరికి మార్చొద్దు, సెట్ మార్చినా సరే. తెరిచి మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి రేపు వాడొద్దు. ప్లాస్టిక్ బాటిల్‌కు పై నుంచి సూది గుచ్చి గాలి వదలొద్దు. ఉప్పు నీళ్లు కాచి ఇక్కడే సెలైన్ తయారుచేద్దామని ఎవరైనా తెలివిగా చెప్తే నవ్వి ఊరుకోకుండా గట్టిగా కాదనండి. బిల్లు లేని సరుకు, ఎవరి బైకు మీదో వచ్చిన పెట్టె, కొట్టేసి మళ్లీ వేసినట్టున్న గడువు తేదీ, వీటి జోలికి వెళ్లొద్దు.

సరుకు తెచ్చుకునే దారులు

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇండెంట్ ఆన్‌లైన్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు సరఫరా చేసే ఏపీఎంఎస్ఐడీసీ జిల్లా గోదాంలో సరుకు లేదని తేలితే, లేదన్న సంగతి రాతపూర్వకంగా తీసుకోండి. స్థానికంగా కొనడానికి ఆ కాగితమే ఆధారం. సూపరింటెండెంటు సంతకానికి రెండు రోజులు పడుతుందని తెలిసి కూడా స్టాక్ చివరి రోజున ఫైలు కదిపేవాళ్లున్నారు. వారం మిగిలి ఉండగానే కదపండి.

ప్రైవేటువాళ్లు ఇద్దరు స్టాకిస్టులు, రెండు వేర్వేరు కంపెనీల సరుకు పెట్టుకోవాలి. ఇద్దరు స్టాకిస్టులూ ఒకే కంపెనీవాళ్లయితే మీకున్నది ఒక్కరే. దారి గురించి కూడా ఆలోచించండి. 2021 మే 10 రాత్రి తమిళనాడు నుంచి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై తిరుపతి రుయా ఆస్పత్రిలో 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని అధికారులే ప్రకటించారు. సరుకు ఒక్క బండి మీద, ఒక్క రోడ్డు మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పక్క ఆస్పత్రులతో అప్పు పుస్తకం పెట్టుకోండి. రకం, సంఖ్య, బ్యాచ్, గడువు, తేదీ, ఇద్దరి సంతకాలు. ధర ఎంఆర్‌పీ దాటి అడిగితే జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ ఉచిత నంబరు 1800 111 255కు ఫోన్ చేయొచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు కూడా రాయండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరిన రోగి బంధువుల చేత బయట నుంచి సెలైన్ కొనిపించొద్దు. అది నగదు రహిత పథకం. అటెండెంట్లకు ఒక మాట: బయట కొనమని చీటీ ఇస్తే బిల్లు తప్పక తీసుకోండి, బ్యాచ్ నంబరు బిల్లు మీద ఉందో లేదో చూడండి.

రద్దీ రోజులు ముందే తెలుసు

ఈ ప్రాంతంలో కొన్ని రద్దీలకు క్యాలెండరే ముందు చెబుతుంది. మే నెల ఎండల్లో గంగమ్మ జాతర, తర్వాత బ్రహ్మోత్సవాలు, వాటి చుట్టూనే డెంగీ కాలం, ఆ వెంటే తుపాన్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎండలో ఎక్కి సొమ్మసిల్లిన భక్తుడికి చాలాసార్లు నీడ, తడి గుడ్డ, ఓఆర్ఎస్ సరిపోతాయి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం వడదెబ్బ. ఒళ్లు చల్లబరుస్తూనే 108కు ఫోన్ చేయాలి. ఈ రోజులకు నెల ముందు మీ స్టాక్ ఎన్ని రోజులకుందో చూసుకుని, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టెలకొద్దీ తెప్పించండి. సెలైన్ ముందు అవి ఖర్చులో లెక్కలోకే రావు.

సరుకు వచ్చాక

లారీ దిగిన రోజునే అందరూ పాత అలవాటులోకి జారిపోతారు. 24 గంటల ఆర్డరు నియమాన్ని, బోర్డు మీద రోజుల సంఖ్యను తీసేయకండి. ముందు అప్పులు తీర్చండి. తీసుకున్న రకమే ఇవ్వాలి, గడువు తక్కువున్నవి అంటగట్టకూడదు, లేకపోతే వచ్చే డిసెంబరులో మీ ఫోన్ ఎవరూ ఎత్తరు. కొత్త పెట్టెలు కింద, పాతవి పైన పేర్చండి. వాయిదా వేసిన ఆపరేషన్లకు వరుస తేదీలు ఇచ్చి ఆ రోగులకు మీరే ఫోన్ చేయండి. కొరత రోజుల్లో బాటిల్ లేకుండా కోలుకుని వెళ్లినవాళ్ల కేస్ షీట్లు పక్కన తీసి, డాక్టర్లందరినీ ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి వాళ్ల ముందు పెట్టండి.